గిర్ని కొట్టు పన్ను – కొలిచి చూద్దాం

1. నోటీసు వచ్చింది

హైదరాబాద్‌లో ఒక బస్తీ. ఆ బస్తీలో ఒక పిండి గిర్ని ఉంది. గిర్ని నడిపే ఆమెను అందరూ ‘గిర్ని అక్క’ అంటారు. ఇల్లు చిన్నది. ముందు గదిలో గిర్ని. వెనుక రెండు గదులు, ఒక వంటగది. అక్కడే ఆమె కుటుంబం ఉంటుంది.

గిర్ని అక్క చదువు కేంద్రానికి రోజూ పోతుంది. కూడబలుక్కుని చదువుతుంది. అంకెలు మాత్రం గబగబా చదువుతుంది. తూకం వేసే చేయి కదా!

ఒకరోజు ఇంటికి ఒక కాగితం వచ్చింది. అది ఆస్తి పన్ను నోటీసు. అక్క అంకెలు చదివింది.

“700. 24,500.”

ఆమె గుండె ఝల్లుమంది. ఇంతకుముందు ఇంటికి ఏడాదికి 2,000 రూపాయల లోపే పన్ను కట్టేది. ఇప్పుడు 24,500 రూపాయలా? అంటే నెలకు 2,000 రూపాయలకు పైనే. గోధుమలు, జొన్నలు, మిరపకాయలు పట్టిస్తే వచ్చేది కొద్ది కొద్ది రూపాయలు. కరెంటు బిల్లు, రాళ్ల గంట్ల కూలి పోను మిగిలేది ఎంత? ఈ పన్ను కట్టాలంటే గిర్ని మూయాల్సిందే.

పక్కింట్లో కుట్టు మిషన్ కుట్టే ఆమె ఉంది. ఆమె కూడా చదువు కేంద్రంలోనే చదువుతుంది. అక్క ఆమెను పిలిచింది.

“చెల్లె, జర ఇటు రా. గీ కాయితం చూడు.”

“ఏందక్కా, గంత పరేషాన్ అయితున్నవ్?”

“ఇరవై నాలుగు వేల ఐదు వందలు కట్టాల్నట. ఎక్కడ తేవాలె?”

ఇద్దరూ కలిసి కాగితం చదివారు. ఒక మాట దగ్గర ఇద్దరూ ఆగిపోయారు. ఆ మాట ‘నివాసేతరం’.

2. ఒక మాట విలువ

నివాసేతరం అంటే ఏమిటి?

నివాసం అంటే ఉండే ఇల్లు. ఇతరం అంటే వేరేది. నివాసం + ఇతరం = నివాసేతరం. అంటే ఉండడానికి కాకుండా వేరే పనికి వాడే కట్టడం. కొట్టు, హోటలు, గోదాము, ఆఫీసు నివాసేతరాలు.

నోటీసులో ఇలా ఉంది:

వాడకం: నివాసేతరం
విస్తీర్ణం: 700 చదరపు అడుగులు
ఏడాది పన్ను: 24,500 రూపాయలు

చెల్లెకు సంగతి అర్థమైంది.

“అక్కా, గిర్ని ముందు అర్రలనే కద ఉన్నది?”

“అవ్, ముందు అర్రలనే. ఎనుక మేం ఉంటం.”

“మరి ఇండ్ల ఇల్లంత కొట్టే అని రాసిన్రు. నీ వంటింటికి గూడ కొట్టు పన్నే పడ్డది.”

ఇంటి రేటు వేరు. కొట్టు రేటు వేరు. ఒకే వీధిలో కూడా కొట్టు రేటు ఇంటి రేటు కంటే ఎక్కువ ఉంటుంది. అందుకే ‘నివాసం’, ‘నివాసేతరం’ అనే రెండు మాటల మధ్య వేల రూపాయల తేడా వస్తుంది.

3. ఈ పన్ను ఎందుకు?

నగరంలో దీపాలు వెలగాలి. మురికి నీరు పోవాలి. చెత్త ఎత్తాలి. రోడ్లు వేయాలి. వీటికి డబ్బు కావాలి. ఆ డబ్బులో ఒక భాగం ఆస్తి పన్ను నుంచి వస్తుంది.

హైదరాబాద్‌లో ఈ పన్నుకు 1955 నాటి నగర పాలక సంస్థల చట్టం ఆధారం. ఆస్తి పన్నులో సాధారణ పన్ను, నీటి పన్ను, మురుగు కాలువల పన్ను, దీపాల పన్ను, పారిశుద్ధ్య పన్ను కలిసి ఉంటాయి.

దీనితోపాటు గ్రంథాలయ పన్ను కూడా ఉంది. ప్రతి రూపాయి ఆస్తి పన్నుకు 8 పైసలు గ్రంథాలయాల కోసం కట్టాలి. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం ఇది వసూలవుతుంది. గిర్ని కొట్టు పన్నులోంచి కూడా గ్రంథాలయానికి డబ్బు పోతుంది. కాబట్టి గ్రంథాలయంలో కూర్చుని చదివే హక్కు గిర్ని అక్కకూ ఉంది.

పన్ను కట్టడం బాధ్యత. కానీ తప్పు లెక్కకు కట్టడం బాధ్యత కాదు. తప్పును దిద్దమని అడగడం పన్ను ఎగ్గొట్టడం కాదు.

4. లెక్క ఎట్లా కడతారు?

హైదరాబాద్‌లో కొట్లకు చాలా ఏళ్లుగా వాడుతున్న లెక్క ఒకటి ఉంది. ఆ లెక్కకు రెండు సంగతులు కావాలి.

ఒకటి: కట్టడం ఎన్ని చదరపు అడుగులు?
రెండు: ఒక చదరపు అడుగుకు నెల అద్దె విలువ ఎంత?

నెల అద్దె విలువ అంటే, ఆ చోట అలాంటి కట్టడానికి వచ్చే న్యాయమైన అద్దె. మనం అద్దెకు ఇవ్వకపోయినా ఈ విలువ వేస్తారు. ఇది అన్ని చోట్లా ఒకటి కాదు. కట్టడం ఎక్కడ ఉంది? పక్కా కప్పా, రేకులా? ఎంత పెద్దది? ఎంత పాతది? దేనికి వాడుతున్నారు? ఈ ఐదూ చూసి రేటు పెడతారు.

లెక్క ఇది:

చదరపు అడుగులు × నెల అద్దె రేటు × 3.5 = ఏడాది పన్ను

ఈ మూడున్నర ఎక్కడి నుంచి వచ్చింది? గిర్ని అక్క నోటీసునే తీసుకుందాం. నేర్చుకోవడానికి నెల అద్దె రేటు అడుగుకు 10 రూపాయలు అనుకుందాం.

700 చదరపు అడుగులకు నెల అద్దె: 700 × 10 = 7,000 రూపాయలు.
12 నెలలకు: 84,000 రూపాయలు.
మరమ్మతుల కింద నూటికి 10 తీసివేస్తే: 75,600 రూపాయలు.
అందులో నూటికి 30 పన్ను: 22,680 రూపాయలు.
రూపాయికి 8 పైసల గ్రంథాలయ పన్ను: 1,814 రూపాయల 40 పైసలు.
మొత్తం: 24,494 రూపాయల 40 పైసలు.

ఇప్పుడు దగ్గరి దారిలో చేద్దాం. 700 × 10 × 3.5 = 24,500 రూపాయలు. రెండూ దాదాపు ఒకటే. అందుకే మూడున్నరతో గుణిస్తారు.

నోటీసులోని గుణకారం సరిగ్గానే ఉంది. అయితే తప్పు ఎక్కడ? గుణకారానికి ముందు వేసిన అంకెలో తప్పు ఉంది. కొలత తప్పయితే పన్ను తప్పవుతుంది. వాడకం తప్పు రాస్తే రేటు తప్పవుతుంది.

5. టేపు పట్టి కొలిచారు

చెల్లె దగ్గర బట్టలు కొలిచే టేపు ఉంది. ఇల్లు కొలవడానికి అది చాలదు. తాపీ మేస్త్రీ దగ్గర పొడుగు టేపు అడిగి తెచ్చారు.

“అక్కా, నువ్వు ఆ మూల పట్టుకో. నేను ఈ మూల పట్టుకుంట.”

“లోపల కొలవాల్నా, బయట కొలవాల్నా?”

ఇది మంచి ప్రశ్న. పన్నుకు గోడల మందం కూడా కలిపి కొలుస్తారు. దీన్ని ప్లింత్ ఏరియా అంటారు. అందుకే బయటి నుంచి కొలవాలి. లోపల కొలిస్తే అంకె తక్కువ వస్తుంది. అధికారి వచ్చి కొలిచినప్పుడు మన మాట నిలవదు.

ముందు గది పొడవు 15 అడుగులు. వెడల్పు 10 అడుగులు.
15 × 10 = 150 చదరపు అడుగులు. ఇది గిర్ని.

వెనుక భాగం పొడవు 30 అడుగులు. వెడల్పు 15 అడుగులు.
30 × 15 = 450 చదరపు అడుగులు. ఇది ఇల్లు.

150 + 450 = 600 చదరపు అడుగులు.

నోటీసులో 700 ఉంది. టేపులో 600 వచ్చింది. పైగా 600 అడుగులూ కొట్టు కాదు. కొట్టు 150 అడుగులే.

150 × 10 × 3.5 = 5,250 రూపాయలు.

వెనుక ఉన్న 450 అడుగులకు ఇంటి రేటుతో విడిగా పన్ను పడుతుంది. అది కట్టాల్సిందే. కానీ దానికి కొట్టు రేటు పడకూడదు.

చెల్లె ఒక తెల్ల కాగితం మీద ఇంటి బొమ్మ గీసింది. ఏ గది ఎన్ని అడుగులో రాసింది. ‘గిర్ని’ అని ఒక గదిలో రాసింది. ‘ఇల్లు’ అని మిగతా గదుల్లో రాసింది.

6. మధ్యలో వచ్చిన మనిషి

ఆ సాయంత్రం ఒక మనిషి గిర్ని దగ్గరికి వచ్చాడు.

“నోటీసు వచ్చిందట కద అమ్మా? ఆఫీసుల నాకు అందరు ఎరికే. ఐదు వేలు ఇయ్యి. తగ్గిపిస్త.”

గిర్ని అక్క ఆలోచనలో పడింది. 24,500 కంటే 5,000 తక్కువే కదా అనుకుంది. పైసల డబ్బా వైపు చూసింది.

చెల్లె అడిగింది. “అన్నా, పైసలు తీసుకుంటే రసీదు ఇస్తవా?”

ఆ మనిషి మాట్లాడలేదు. “మీ ఇష్టం” అని వెళ్లిపోయాడు.

రసీదు లేని డబ్బు ఎవరి చేతికి పోయిందో ఎవరికీ తెలియదు. ఈ ఏడు తగ్గినా, రికార్డులో తప్పు అలాగే ఉంటుంది. వచ్చే ఏడు మళ్లీ వస్తుంది. ప్రభుత్వ ఉద్యోగి లంచం అడిగితే తెలంగాణలో అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరుకు ఫోన్ చేయవచ్చు.

7. అర్జీ రాయడం

పన్ను ఎక్కువ పడింది, మళ్లీ చూడండి అని ఇచ్చే అర్జీని రివిజన్ పిటిషన్ అంటారు. దీన్ని కమిషనర్ పేరు మీద మీ సర్కిల్ కార్యాలయంలో ఇవ్వాలి. దీనికి గడువు ఉంటుంది. ఆ గడువు నోటీసు అందిన రోజు నుంచి లెక్క. ఎన్ని రోజులో నోటీసులోనే చూడాలి. అందుకే నోటీసు చేతికి రాగానే వెనుక వైపు ‘ఈ రోజు అందింది’ అని తేదీ రాసి పెట్టుకోవాలి.

గిర్ని అక్క చెప్పింది. చెల్లె రాసింది. కింద అక్క తన చేత్తో సంతకం చేసింది. ఇదీ అర్జీ:

*తేదీ: ..................*

*కమిషనర్ గారికి,*
*.................. సర్కిల్ కార్యాలయం, హైదరాబాద్.*

*విషయం: ఆస్తి పన్ను తప్పుగా వేసినందున మళ్లీ కొలిచి సరిచేయమని కోరుతూ.*

*ఇంటి నంబరు: ..................*
*పన్ను గుర్తింపు సంఖ్య: ..................*
*నోటీసు నంబరు, తేదీ: ..................*
*నోటీసు నాకు అందిన తేదీ: ..................*

*అయ్యా,*

*నా ఇంటికి పంపిన నోటీసులో 700 చదరపు అడుగులు అని ఉంది. నేను కొలిస్తే 600 చదరపు అడుగులు వచ్చింది.*

*నోటీసులో ఇల్లు మొత్తం నివాసేతరం అని ఉంది. ముందు గదిలో మాత్రమే పిండి గిర్ని ఉంది. అది 150 చదరపు అడుగులు. వెనుక 450 చదరపు అడుగుల్లో నేను, నా కుటుంబం ఉంటున్నాం.*

*ఇంటికి ఒక కరెంటు మీటరు, గిర్నికి ఒక కరెంటు మీటరు ఉన్నాయి. రెండు బిల్లుల నకళ్లు జత చేశాను.*

*దయచేసి మనిషిని పంపి నా ముందు కొలిపించండి. గిర్ని భాగానికి కొట్టు పన్ను, ఇంటి భాగానికి ఇంటి పన్ను వేయండి. నా మాట వినడానికి ఒక తేదీ ఇవ్వండి.*

*ఇట్లు,*
*(సంతకం)*

*జత చేసిన కాగితాలు: నోటీసు నకలు, కిందటి ఏడాది పన్ను రసీదు, రెండు కరెంటు బిల్లులు, కొలతలతో ఇంటి బొమ్మ.*

అర్జీలో ఏముందో చూడండి. ఏడుపు లేదు. తిట్లు లేవు. ‘మేం పేదవాళ్లం, దయ చూపండి’ అని లేదు. తప్పు ఎక్కడ ఉందో ఉంది. దానికి రుజువు ఉంది. ఏం చేయాలో ఉంది. పన్ను భారం అంటే అధికారి ‘అందరికీ భారమే’ అనవచ్చు. 700 కాదు 600 అంటే టేపు పట్టి చూడాల్సిందే.

పన్ను గుర్తింపు సంఖ్య పాత రసీదు మీద ఉంటుంది. హైదరాబాద్‌లో దీన్ని పీటీఐఎన్ అంటారు.

8. ముద్ర వేయించుకున్నారు

మరునాడు ఇద్దరూ కార్యాలయానికి వెళ్లారు. అర్జీకి రెండు ప్రతులు తీసుకువెళ్లారు. ఒకటి కార్యాలయానికి. ఒకటి తమకు.

గుమాస్తా అర్జీ తీసుకున్నాడు. “పెట్టి పోండి. చూస్తం” అన్నాడు.

గిర్ని అక్క కదలలేదు. రెండో ప్రతి ముందు పెట్టింది.

“సార్, దీని మీద గూడ ముద్ర ఏయండి. తారీఖు ఏయండి.”

గుమాస్తా ముద్ర వేశాడు. తేదీ వేశాడు. అక్క ఆ తేదీ చదివింది. సరిగ్గా ఉంది. అప్పుడు లేచింది.

ఆ ముద్ర ఉన్న కాగితమే రేపటి రుజువు. గడువులోపు ఇచ్చారని అదే చెబుతుంది. ఆన్‌లైన్‌లో ఇస్తే అర్జీ నంబరు వస్తుంది. ఆ నంబరు రాసి పెట్టుకోవాలి.

ఇంకొక జాగ్రత్త ఉంది. అర్జీ ఇచ్చినంత మాత్రాన పన్ను ఆగదు. హైదరాబాద్‌లో ఆస్తి పన్ను ఆరు నెలలకు ఒకసారి కట్టాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఒక భాగం. అక్టోబరు నుంచి మార్చి ఒక భాగం. ఆలస్యమైతే నెలకు నూటికి 2 రూపాయల వడ్డీ పడుతుంది. అందుకే పాత బాకీ ఉంచుకోకూడదు. అర్జీ తేలేదాకా ఎంత కట్టాలో కార్యాలయంలో అడగాలి. కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోవాలి. ఎక్కువ కట్టి ఉంటే తర్వాతి పన్నులో సర్దమని రాసి అడగవచ్చు.

9. కొలవడానికి వచ్చారు

కొన్నాళ్లకు కార్యాలయం నుంచి ఒక ఉద్యోగి వచ్చాడు. గిర్ని అక్క టేపు ఒక కొస తానే పట్టుకుంది. ఉద్యోగి ఒక్కో అంకె చెబుతుంటే చెల్లె రాసుకుంది.

ముందు గది 150. వెనుక భాగం 450. అక్క చెప్పింది నిజమే.

ఉద్యోగి గడప బయట ఆగాడు. అక్కడ అరుగు ఉంది. 10 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు. దాని మీద రేకులు వేసి ఉన్నాయి. రేకుల కింద గోధుమ సంచులు ఉన్నాయి.

“అమ్మా, ఇది కూడా కొట్టు కిందికే వస్తుంది. రాయలేదేం?”

“అరుగే కద సార్ అనుకున్న.”

“పైన కప్పు ఉంది. కింద మీ సరుకు ఉంది.”

అక్క ఒక్క క్షణం ఆలోచించింది. ఉద్యోగి మాట సరైనదే. “అయితే రాసుకోండి సార్” అంది.

10 × 2 = 20 చదరపు అడుగులు. కొట్టు మొత్తం 150 + 20 = 170 చదరపు అడుగులు.

170 × 10 × 3.5 = 5,950 రూపాయలు.

అక్క అనుకున్న దానికంటే 700 రూపాయలు పెరిగింది. మళ్లీ కొలిస్తే తగ్గవచ్చు. పెరగవచ్చు కూడా. అందుకే అర్జీ ఇచ్చే ముందే ఉన్నది ఉన్నట్టు కొలుచుకోవాలి. పై అంతస్తు దాచిపెట్టి కింది అంతస్తు తప్పు అంటే, మొదటికే మోసం వస్తుంది.

తర్వాత అక్కను కార్యాలయానికి పిలిచారు. ఆమె కాగితాలన్నీ చూపించింది. కొన్ని వారాలకు ఆదేశం వచ్చింది. గిర్ని భాగం 170 అడుగులకు కొట్టు పన్ను. ఇంటి భాగం 450 అడుగులకు ఇంటి పన్ను. రెండూ కలిపినా 24,500లో సగం కూడా కాలేదు. గిర్ని ఆగలేదు.

ఆదేశంలో అంకెలు మారితే చాలదు. రికార్డులో కూడా మారాలి. వచ్చే ఏడాది బిల్లులో కొత్త అంకె వచ్చిందో లేదో చూసుకోవాలి.

10. అర్జీ ఒప్పుకోకపోతే?

అందరికీ ఇలాగే జరుగుతుందని లేదు. అర్జీ కొట్టివేయవచ్చు. అప్పుడు ఏం చేయాలి?

ముందు ఆదేశం రాతలో తీసుకోవాలి. ఎందుకు ఒప్పుకోలేదో చదవాలి.

కార్యాలయం రికార్డులో ఏ కొలత ఉందో తెలియకపోతే, 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద నకలు అడగవచ్చు. దరఖాస్తుకు 10 రూపాయల రుసుము. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారికి రుసుము లేదు. 30 రోజుల లోపు సమాచారం ఇవ్వాలి.

కమిషనర్ నిర్ణయం మీద కోర్టుకు అప్పీలు చేసుకునే దారి 1955 నాటి చట్టంలో ఉంది. ఆ గడువు చిన్నది. అప్పీలుకు ముందు పన్ను మొత్తం కట్టాల్సి ఉంటుంది. కాబట్టి ఆలస్యం చేయకుండా న్యాయవాదిని అడగాలి.

న్యాయవాదికి ఇచ్చే డబ్బు లేకపోతే? 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం మహిళలకు ఉచిత న్యాయ సహాయం ఉంది. మహిళలకు దీనికి ఆదాయ పరిమితి లేదు. న్యాయ సేవాధికార సంస్థలో అడగాలి. ఆ కార్యాలయం కోర్టు ఆవరణలో ఉంటుంది.

11. మీ ఊళ్లో ఎట్లా?

అన్ని ఊళ్లలో లెక్క ఒకటి కాదు.

ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021 ఏప్రిల్ 1 నుంచి లెక్క మారింది. అంతకుముందు అద్దె విలువను బట్టి పన్ను వేసేవారు. ఆ తర్వాత ఆస్తి విలువను బట్టి వేస్తున్నారు. స్థలం విలువ, కట్టడం విలువ కలుపుతారు. అప్పుడు పెట్టిన నియమాల ప్రకారం ఇళ్లకు ప్రతి 100 రూపాయల విలువకు 10 పైసల నుంచి 50 పైసల వరకు పన్ను వేయవచ్చు. కొట్లకు 20 పైసల నుంచి 2 రూపాయల వరకు వేయవచ్చు. అక్కడ కూడా ‘నివాసేతరం’ అనే మాట బరువైనదే.

తెలంగాణలోని ఇతర పట్టణాల్లో 2019 నాటి పురపాలక చట్టం ఉంది. అక్కడ యజమానే తన కట్టడం కొలతలు రాసి ఇస్తారు. తప్పు రాసి ఇస్తే పెద్ద జరిమానా పడుతుంది. కాబట్టి ఎవరో నింపిన కాగితం మీద చదవకుండా సంతకం చేయకూడదు.

ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో పంచాయతీ ‘ఇంటి పన్ను’ వేస్తుంది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టంలో ఇల్లు అంటే కొట్టు, పనిశాల, గోదాము కూడా. పంచాయతీ కార్యాలయంలో పన్ను రికార్డు ఉంటుంది. అందులో మీ ఇల్లు ఎంత అని రాసి ఉందో అడిగి చూడవచ్చు.

లెక్క ఏదైనా అడగాల్సిన ప్రశ్నలు మూడే:

కొలత సరిగ్గా ఉందా?
వాడకం సరిగ్గా రాశారా?
రేటు మా వీధికి, మా కట్టడానికి సరిపోయేదేనా?

రేటు సంగతి తెలియాలంటే అలాంటి కట్టడమే ఉన్న పక్కవారి బిల్లు అడిగి చూడండి. అదే వీధి, అదే రకం కప్పు, అదే పని అయితే రేటు కూడా ఒకటే ఉండాలి.

గుర్తుంచుకోండి

నోటీసు అందిన తేదీ రాసి పెట్టుకోండి.
గడువు ఎన్ని రోజులో చదవండి.
బయటి నుంచి కొలవండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.
అర్జీ రెండు ప్రతులు రాయండి. మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి.
రసీదు లేకుండా ఎవరికీ డబ్బు ఇవ్వకండి.
కాగితాలన్నీ ఒక సంచిలో భద్రంగా దాచండి.

కొత్త మాటలు

విస్తీర్ణం – ఎంత చోటు ఉందో చెప్పే కొలత
చదరపు అడుగు – ఒక అడుగు పొడవు, ఒక అడుగు వెడల్పు ఉన్న చోటు
నివాసేతరం – ఉండడానికి కాకుండా వేరే పనికి వాడేది
నకలు – అసలు కాగితానికి మరో ప్రతి
గడువు – పని చేయడానికి ఇచ్చిన చివరి రోజు
ఆదేశం – అధికారి రాసి ఇచ్చే నిర్ణయం

లెక్క చేయండి

1. ఒక టిఫిన్ కొట్టు పొడవు 12 అడుగులు. వెడల్పు 10 అడుగులు. ఎన్ని చదరపు అడుగులు?
2. నెల అద్దె రేటు అడుగుకు 10 రూపాయలు అయితే ఆ కొట్టుకు హైదరాబాద్ లెక్కలో ఏడాది పన్ను ఎంత?
3. అదే కొట్టును నోటీసులో 200 అడుగులు అని రాస్తే పన్ను ఎంత అవుతుంది? తేడా ఎంత?

(జవాబులు: 1. 120 చదరపు అడుగులు. 2. 4,200 రూపాయలు. 3. 7,000 రూపాయలు, తేడా 2,800 రూపాయలు.)

మాట్లాడుకోండి

1. గిర్ని అక్క మధ్యవర్తికి 5,000 రూపాయలు ఇచ్చి ఉంటే ఏమయ్యేది?
2. అరుగును కూడా రాసుకోమని అక్క ఎందుకు ఒప్పుకుంది? మీరైతే ఏం చేసేవారు?
3. మీ వీధిలో దీపాలు, మురుగు కాలువ ఎలా ఉన్నాయి? పన్ను కట్టేవారు వాటి గురించి అడగవచ్చా?

రాయండి

మీ ఇంటి పన్ను కాగితం చదువు కేంద్రానికి తీసుకురండి. అందులోని విస్తీర్ణం, వాడకం, పన్ను మొత్తం మీ పుస్తకంలో రాయండి. ఇంటికి వెళ్లి టేపుతో కొలవండి. రెండు అంకెలు పక్కపక్కన రాయండి. తేడా వస్తే, ఈ పాఠంలోని అర్జీ చూసి మీ అర్జీ మీరే రాయండి.